పది వేళ్ళూ పెట్టండమ్మా

(కాన్సులేటులో నాలుగో నంబరు కిటికీ. అద్దానికి అవతల గుమస్తా. ఇవతల లాండ్రీలో పనిచేసే వదిన, తోడు వచ్చిన ఆడపడుచు చిట్టి.)

"గట్టిగా నొక్కండమ్మా."

"నొక్కుతూనే ఉన్నాను బాబూ."

"ఇంకా గట్టిగా."

"ఇంకా గట్టిగా నొక్కితే మీ మిషను ఊడొచ్చి మీ ఒళ్ళో పడుతుంది."

"ఎర్రలైటే వస్తోంది. వేలు తుడుచుకున్నారా?"

"నా చున్నీకి తుడిచాను, దీని చున్నీకి తుడిచాను. ఇక మిగిలింది మీ కోటు ఒక్కటే."

"ఎడమ చేయి పెట్టండి."

"అదీ పెట్టాను కదా. పదికి పదీ పెట్టాను. కాలివేళ్ళు పెట్టమంటారా?"

"వదినా, ఆయన్నెందుకు కసురుతావు? ఎర్రలైటు చూసినందుకే జీతం ఇస్తారేమో పాపం."

"మీరెవరమ్మా మధ్యలో? టోకెనుకు ఒకరే రావాలి."

"ఈవిడ ఆడపడుచునండీ. మొగుడి చెల్లెల్ని. మొగుడు రాడు కాబట్టి నేనొచ్చాను."

"అన్నట్టు, భర్త చిరునామా గడి ఖాళీగా వదిలేశారేంటి?"

"తెలిస్తే రాసేదాన్ని బాబూ."

"మొగుడు ఎక్కడున్నాడో తెలియకపోవడమేంటి?"

"గొడుగు బాగుచేయించుకొస్తానని వెళ్ళాడు. ఆరేళ్ళయింది."

"గొడుగు?"

"గొడుగు వచ్చింది. షాపువాడే తెచ్చిచ్చాడు."

"మరి ఇక్కడ నేనేం రాయను?"

"ఆయన సొంత చెల్లెల్ని, నేను చెబుతున్నా రాసుకోండి. గాలి."

"చిట్టీ, ఊరుకోవే."

"నిజం చెప్పానొదినా. మా అన్న ఎప్పుడూ ఆ చిరునామాలోనే ఉండేవాడు."

"ఇలా కుదరదమ్మా. ఇంకోటి. ఇది నీలం సిరా."

"అయితే?"

"నీలం సిరా చెల్లదు. నల్ల సిరాతోనే రాయాలి. గోడ మీద బోర్డు పెట్టాం కదా."

"ఆ బోర్డే నీలం రంగులో ఉంది బాబూ."

"బోర్డు దరఖాస్తు కాదమ్మా. ఇంకోటి. ఈ ఫోటోలో చెవులు కనబడట్లేదు."

"ఉన్నాయి బాబూ. ఇవిగో, చూడండి. రెండూ."

"మీకున్నాయి. ఫోటోకు లేవు. చెవులు కనబడని ఫోటో చెల్లదు. రూలు."

"మీ చెవులు బాగానే కనబడుతున్నాయి, ఏం లాభం? అరగంట నుంచి చెబుతున్నాం. ఒక్క ముక్క లోపలికి వెళ్ళిందా?"

"నోరు మూయవే చిట్టీ! బాబూ, దాని మాట వదిలేయండి. నల్ల సిరాతో రాస్తాను. జుట్టు వెనక్కి కట్టుకుని చెవులు తెస్తాను. వేళ్ళ సంగతి చెప్పండి. నా పాస్‌పోర్టుకు ఇంక నలభై రోజులే గడువు. అది అయిపోయిన రోజు ఈ దేశంలో ఉండే నా పర్మిట్టు పోతుంది. మా అమ్మాయి నా పర్మిట్టు మీదే ఉంది. నర్సింగు రెండో సంవత్సరం. నాది పోతే దాన్ని క్లాసులోంచి లేపి పంపించేస్తారు."

"కొత్తదానికి దరఖాస్తు పెట్టినట్టు మా రసీదు చూపిస్తే పర్మిట్టు ఆఫీసువాళ్ళు ఆగుతారమ్మా."

"ఆ రసీదే ఇవ్వండి మరి."

"పది వేళ్ళకూ పచ్చలైటు వస్తే మిషనే ఇస్తుంది. పచ్చలైటు రాకపోతే ఇవ్వదు. నా చేతుల్లో ఏమీ లేదు."

"నా చేతుల్లోనూ ఏమీ లేదంటోంది కదా బాబూ మీ మిషను."

"పోయినసారి పాస్‌పోర్టు ఎలా ఇచ్చారు మీకు?"

"పోయినసారి ఈ దయ్యం లేదు. సంతకం పెడితే ఇచ్చారు."

"ఏదీ, ఆ చేతులు ఇలా అద్దం దగ్గర పెట్టండి. అమ్మో, ఏంటమ్మా ఇవి! ఒక్క గీత లేదు. పలకలా నున్నగా ఉన్నాయి. ఏం పని చేస్తారు?"

"లాండ్రీ. హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు, ఆఫీసుల కోట్లు. నాది మరకల సెక్షను. మిషన్లో వేసేముందు మరక మీద మందు పోసి చేత్తో రుద్దాలి. పదకొండేళ్ళు."

"ఏం మందు అది?"

"డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంటుంది. అంతకంటే తెలియదు."

"దుప్పట్ల మీద మరకలతో పాటు వేళ్ళ మీద గీతలూ పోయాయండీ. మా వదిన పనిమంతురాలు. దేన్నీ మిగల్చదు. నాది ఇస్త్రీ సెక్షను. నావి అరగలేదు, కాలాయి."

"మా చిన్నప్పుడు చదువు రానివాళ్ళను వేలిముద్రగాళ్ళని ఎగతాళి చేసేవాళ్ళు బాబూ. ఆ మాట పడలేక కష్టపడి సంతకం నేర్చుకున్నాను. తీరా నేర్చుకున్నాక, సంతకం వద్దు, వేలిముద్ర వెయ్యమంటున్నారు."

"రోజులు మారాయమ్మా."

"రోజులు మారాయి, మేం మారలేదు. మీ కోటు కూడా నేనే రుద్దుతాను, తెలుసా?"

"నా కోటా?"

"మీ ఆఫీసు కోట్లన్నీ మా దగ్గరికే వస్తాయి. కాలరు లోపల చూసుకోండి. ఎర్రదారంతో ముప్పై ఏడు అని కుట్టి ఉంటుంది."

"ఉంది! మీకెలా తెలుసు?"

"ఎడమ చేతి మీద ప్రతి మంగళవారం టీ మరక. ఇందాక ఆ కప్పు ఎక్కడుందో చూశాను, ఈ మనిషే ముప్పై ఏడు అనుకున్నాను. కుడి పక్కకు జరుపుకోండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

"గ్లౌజులు వేసుకుని రుద్దొచ్చు కదమ్మా?"

"ఇవ్వరు బాబూ."

"అడగండి."

"అడిగాను. గ్లౌజులుంటే మరక చేతికి తెలియదన్నాడు సూపర్‌వైజరు."

"ఒక్కరు అడిగితే అలాగే అంటారు. అందరూ కలిసి అడగాలి. నేనైతేనా, గ్లౌజులు ఇచ్చేదాకా నీళ్ళు ముట్టను."

"అలాగా బాబూ?"

"మరి! అడగందే అమ్మైనా పెట్టదు. సరే, వేళ్ళు ఇలా ఉన్నాయని డాక్టరు దగ్గర చీటీ తీసుకుని రండి. తర్వాత టోకెను!"

(వారం తర్వాత.)

"నల్ల సిరా. డాక్టరు చీటీ. చెవులు. చూసుకోండి బాబూ."

"చెవులు బాగున్నాయి."

"మా అమ్మ తర్వాత మీరే అన్నారు ఆ మాట."

"డాక్టరు ఏం రాశాడు? 'పది వేళ్ళూ ఉన్నవి. ముద్రలు అరిగిపోయినవి.' అబ్బే. ఇది కుదరదమ్మా."

"ఇదెందుకు కుదరదు? ఆయనా నల్ల సిరాతోనే రాశాడు. దగ్గరుండి రాయించాను."

"సిరా కాదమ్మా. కంప్యూటర్లో రెండే గళ్ళున్నాయి. వేలు ఉంది, వేలు లేదు. అరిగిపోయింది అనే గడి లేదు."

"ఉంది అని నొక్కండి."

"ఉంది అని నొక్కితే ముద్ర అడుగుతుంది."

"లేదు అని నొక్కండి పోనీ."

"పదికి పదీ లేవని నొక్కనా? వేళ్ళు లేని మనిషి సంతకం ఎలా చేసింది అని అడుగుతుంది."

"ఐదు వేళ్ళూ సమానంగా ఉండవంటారు కదా వదినా. వీళ్ళ మిషనుకు పదీ సమానమే. పదీ సున్నా."

"నన్నని ఏం లాభమమ్మా? మీ గురించి పైన కూడా అడిగాను."

"పైన ఎవరు?"

"పెద్దసారు."

"ఏమన్నారు?"

"కింద అడగమన్నారు."

"కింద ఎవరు?"

"నేనే."

"బాగుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడికే పూజారి మీద గురి."

"ఒక దారి ఉందమ్మా. చేతులకు విశ్రాంతి ఇవ్వాలి. మూడు వారాలు నీళ్ళు, సబ్బు, ఆ పుర్రె మందు, ఏదీ ముట్టకూడదు. గీతలు మళ్ళీ మొలుస్తాయి. చర్మం మొండిది. పోయినేడు ఒక తాపీమేస్త్రీకి ఇలాగే వచ్చాయి, ఈ కిటికీ దగ్గరే, నా కళ్ళతో చూశాను."

"మూడు వారాలు సెలవు ఎవడిస్తాడు బాబూ? మా ఓనరు జ్వరమొచ్చిందంటే థర్మామీటరు తెచ్చి చూపించమంటాడు."

"అది మీరూ మీరూ చూసుకోవాలి."

"ఒక పని చేయండి. ఇప్పుడన్నారే, నీళ్ళు ముట్టకూడదని. ఆ ముక్క కాగితం మీద రాసి స్టాంపు వేసివ్వండి. మా మాటకు విలువ లేదు గానీ స్టాంపుకు భయపడతాడు."

"అలాంటివి మేం రాయకూడదమ్మా."

"నలభైకి ఏడు పోయాయి బాబూ. ముప్పై మూడు రోజులున్నాయి. అందులో మూడు వారాలు మీరే తీసేశారు."

"అవతల లైను ఎంతుందో చూడండి."

"చూస్తున్నాం. మీరు రాసేదాకా లైను కూడా మిమ్మల్నే చూస్తుంటుంది."

"మా వదిన కదలదండీ. ఆరేళ్ళు గొడుగు పట్టుకుని ఎదురుచూసిన మనిషి. మీరొక లెక్కా?"

"అబ్బబ్బబ్బ! ఇలా ఇవ్వండా కాగితం. 'వేలిముద్రల నిమిత్తం దరఖాస్తుదారు మూడు వారాల పాటు నీరు, సబ్బు, రసాయనాలు ముట్టరాదు. పని ఇచ్చువారు తగిన గ్లౌజులు ఇవ్వవలెను.' చాలా?"

"గ్లౌజుల ముక్క బంగారం బాబూ."

"ఇదిగో సంతకం. ఇదిగో స్టాంపు. ఇక వెళ్ళండి."

"పేరు రాయలేదేం?"

"ఎవరి పేరు?"

"నా పేరు. దరఖాస్తుదారు అంటే ఎవరని అడుగుతాడు కదా మా వాడు."

"కింద గీత గీసి వదిలాను కదమ్మా, మీరే రాసుకోండి. అందరికీ అలాగే ఇస్తాను. పేర్లన్నీ నేను రాస్తూ కూర్చుంటే తెల్లారినట్టే. తర్వాత టోకెను!"

"వదినా, పేరు ఖాళీగా వదిలేశాడు."

"చూశానే."

"స్టాంపు మాత్రం గుండ్రంగా, ముచ్చటగా పడింది."

"చూశానన్నాను కదా. పద, ముందు జిరాక్సు షాపు ఎక్కడుందో వెతుకు."

(ఇరవై మూడు రోజుల తర్వాత.)

"బొటనవేలు... పచ్చ! చూపుడువేలు... పచ్చ! అమ్మా, పచ్చ! మధ్యవేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు. కుడి చేయి అయిపోయింది!"

"అరవకండి బాబూ, దిష్టి తగులుతుంది."

"ఎడమ చేయి పెట్టండి. బొటనవేలు, చూపుడు, మధ్య, ఉంగరం. తొమ్మిది! ఇక చిటికెన వేలు... ఎరుపు."

"అయ్యో."

"తీసి మళ్ళీ పెట్టండి. ఎరుపే."

"నిన్న అన్నం గిన్నె కడిగావా లేదా వదినా? నిజం చెప్పు."

"ఒక్కటే కడిగానే. అమ్మాయికి పరీక్ష కదా అని."

"ఒక్కటేనట! నీళ్ళ దగ్గరికి వెళ్ళొద్దని నెత్తీనోరూ కొట్టుకున్నాను. మిగతా ఇళ్ళలో మొగుళ్ళు కడుగుతున్నారు. నీకు మొగుడు లేకపోతే నాకు చెప్పొచ్చు కదా, మా ఆయన్ని పంపేదాన్ని."

"ఆగండమ్మా, గొడవ ఆపండి. చిటికెన వేలు మెల్లగా పెట్టండి. నొక్కొద్దు. ఊరికే ఆనించండి. ఊపిరి బిగబట్టండి. నేను కూడా బిగబడతాను... పచ్చ! పది! పదికి పది!"

"బాబూ..."

"ఏడవకండి, మిషను తడుస్తుంది. అదేంటి, లైన్లో వాళ్ళంతా చప్పట్లు కొడుతున్నారు?"

"మంచివాళ్ళు బాబూ."

"ఇదిగోండి రసీదు. రేపే పర్మిట్టు ఆఫీసులో చూపించండి. మీ అమ్మాయి చదువుకు ఢోకా లేదు."

"ఇది ఇచ్చాక మళ్ళీ వెనక్కి తీసుకుంటారా?"

"మిషను ఇచ్చిన రసీదు పెద్దసారు కూడా వెనక్కి తీసుకోలేడు."

"చిట్టీ, లోపల దాచు."

"దాచానొదినా."

"చూశారా, నేను చెప్పినట్టు విన్నారు, పనైంది. అయితే మీ ఓనరు మంచివాడే. సెలవు ఇచ్చాడన్నమాట?"

"మీ కోటేది బాబూ?"

"ఆ మాట అడక్కండి. మూడు వారాలైంది మీ లాండ్రీకి వెళ్ళి. ఆఫీసులో ఒక్కరి కోటూ రాలేదు. మొన్న పెద్దసారు విందు ఇస్తే టేబుల్ గుడ్డలు లేక కిటికీ పరదాలు విప్పి పరిచాం. వచ్చినవాళ్ళు సూపు తాగుతూ పరదా రింగులు లెక్కపెట్టుకున్నారు. ఏమైందమ్మా మీ లాండ్రీకి?"

"పని కొంచెం ఆగింది."

"ఎందుకు ఆగింది?"

"చేతులు విశ్రాంతి తీసుకుంటున్నాయి."

"మీ ఒక్కరి చేతులు విశ్రాంతి తీసుకుంటే లాండ్రీ అంతా ఆగుతుందా?"

"నలభై ఒక్క మందిమి బాబూ. ఎనభై రెండు చేతులు."

"అమ్మా! సమ్మె చేస్తున్నారా?"

"ఛ ఛ. సమ్మె ఏంటి బాబూ, పెద్ద మాట. కాన్సులేటు వారి ఆజ్ఞ."

"ఎవరి ఆజ్ఞ?"

"గ్లౌజులు ఇచ్చేదాకా నీళ్ళు ముట్టను అన్నది ఎవరు? అందరూ కలిసి అడగాలి అన్నది ఎవరు?"

"మాటవరసకు అన్నానమ్మా!"

"స్టాంపు కూడా మాటవరసకే వేశారా?"

"ఏ స్టాంపు?"

"పేరు ఖాళీగా వదిలి చీటీ ఇచ్చారు కదా బాబూ. నలభై జిరాక్సులు తీశాం. ఎవరి పేరు వాళ్ళు రాసుకున్నాం. నల్ల సిరాతోనే రాశాం, మీకు మాట రాకూడదని. మొదటిరోజు ఓనరు గేటు దగ్గరికి వచ్చి, పనిలోకి వస్తారా పోలీసుల్ని పిలవనా అన్నాడు. నలభై ఒక్క మందిమీ ఒక్కసారి చీటీలు తీశాం. స్టాంపు చూసి సూపర్‌వైజరు లేచి నిలబడ్డాడు."

"వాడు నిలబడే ఉన్నాడొదినా. టోపీ తీశాడు, అంతే."

"నోటికొచ్చింది చెప్పకే. లేచాడు, టోపీ కూడా తీశాడు."

"అయ్యో, అయ్యయ్యో. అయితే పొద్దున వచ్చిన ఆ లావుపాటాయన..."

"ఎర్ర టై కట్టుకుని, ప్రతి మాటకూ వాచీ చూసుకుంటాడా, మా ఓనరు?"

"ఆయనే. పెద్దసారుకు ఇవ్వమని ఒక కవరు నా చేతికి ఇచ్చి వెళ్ళాడు. పని తొందరలో తెరవనేలేదు. లాండ్రీ బిల్లేమో అనుకున్నాను."

"తెరవండి."

"'ఈ జాబితాలోని నలభై ఒక్క మందికి నా అనుమతి లేకుండా పాస్‌పోర్టు కాగితాలేవీ ఇవ్వవద్దని మనవి.' అమ్మా, మొదటి పేరు మీదే."

"నా రసీదు వచ్చేసింది."

"మీది వచ్చేసింది. మిగతావాళ్ళది?"

"మిగతావాళ్ళు నా వెనకే ఉన్నారు బాబూ. చప్పట్లు కొట్టింది వాళ్ళే. సగం మందికి ఈ రెండు నెలల్లోనే గడువు అయిపోతుంది. వాళ్ళకు రసీదులు దొరికితే ఇంకో వారంలో ఓనరే గ్లౌజులు నెత్తిన పెట్టుకుని తెస్తాడు. దొరక్కపోతే గ్లౌజులతో పనే లేదు. అందర్నీ విమానం ఎక్కిస్తాడు."

"నేనేం చేయనమ్మా? కాగితం మీద వచ్చింది. వచ్చిన కాగితం పైకి పంపాలి."

"పంపండి. ఎవరు వద్దన్నారు? అడుగున ఇంకా ఏదో రాసినట్టుందే?"

"'వీరందరూ మీ కార్యాలయం ఇచ్చిన చీటీ చూపుతున్నారు. నకలు జత చేశాను. దాని మీద సంతకం చేసిన ఉద్యోగి ఎవరో విచారించి...'"

"ఊఁ. విచారించి?"

"'...తగిన చర్య తీసుకోవలెను.'"

"జిరాక్సులో కూడా సంతకం ఎంత చక్కగా పడిందో చూడండి."

"నవ్వకండమ్మా. నాకు ఇద్దరు పిల్లలు."

"మాకు నలభై ఒక్క మందికి కలిపి డెబ్బై ఆరుగురు. గేటు దగ్గర కూర్చుని పనిలేక లెక్కపెట్టాం."

"ఏదో జాలిపడి నాలుగు ముక్కలు రాసిచ్చినందుకు నా మెడకు చుట్టుకుంది!"

"జాలిపడి రాయలేదు లెండి. లైను పెద్దగా ఉందని రాశారు."

"ఇది పైకి పంపితే..."

"మీరు పోతారు."

"పంపకపోతే ఎందుకు పంపలేదని..."

"అప్పుడూ మీరే పోతారు. మీరూ మాలాగే అయిపోయారు బాబూ. గడి లేదు."

"ఏంటమ్మా దారి?"

"నన్నడుగుతారేం? రూళ్ళన్నీ మీ దగ్గరున్నాయి. ఒక్కటి చెప్పండి. ఆ ఉత్తరం ఏ సిరాతో రాశాడు?"

"ప్రాణం పోతుంటే సిరా ఏంటమ్మా ఈ... ఆగండి."

"ఆగాం."

"నీలం."

"అయ్యో పాపం."

"సంతకం కూడా నీలమే!"

"గోడ మీద బోర్డు ఉంది కదా. చదువుకున్నవాడు, చూసుకోవద్దూ?"

"నీలం సిరా చెల్లదు. నా చేతుల్లో ఏమీ లేదు. చెల్లని కాగితం పైకి పంపకూడదు, ఇచ్చినవారికే తిప్పి పంపాలి. రూలంటే రూలు. టోకెను నలభై తొమ్మిది! నలభై తొమ్మిది ఎవరమ్మా?"

"నేనేనండీ, ఆడపడుచును. ఇస్త్రీ సెక్షను."

"కుడి చేయి పెట్టండి. గట్టిగా నొక్కకండి."

"బాబూ, రేపు వాడు నల్ల సిరాతో రాసుకొస్తే?"

"తేనివ్వండమ్మా. తన గుర్తింపు కార్డు నకలు కూడా జత చేశాడు, ఫోటో చూశాను. చెవులు కనబడట్లేదు."